బంతి తగలని చోటు

ఖాదర్‌వలీ మాస్టారు తన శిష్యుల్ని ఎన్ని పరుగులు తీశారని అడిగేవారు కారు. బ్యాటు ఇలా ఇవ్వమని, దాని ముఖాన పడిన ఎర్రటి బంతి మరకల్ని తీరిగ్గా చూసేవారు. కడపలో ఆయన దగ్గర ఆట నేర్చిన కుర్రాళ్లు, మన జాతకాలు మాస్టారి చేతిలో ఉన్నాయని నవ్వుకునేవారు.

ఒకనాటి సాయంత్రం ఓబులేసు నవ్వే స్థితిలో లేడు. "సార్, నాకు సరైన బ్యాటు ఏది?" అని అడిగాడు.

ఓబులేసు ఓపెనరు. కొత్త బంతి బుసలు కొట్టే వేళ ముందుగా దిగి, దాని కోరలు పీకడం అతని పని. చప్పట్లు మాత్రం చివర్లో దిగి సిక్సర్లు బాదే గంగిరెడ్డివి. తోటివాళ్లు ఓబులేసును 'జిడ్డు' అని పిలిచేవారు. ఆ మాట అతన్ని అన్నం దగ్గర కూడా పొడిచేది. అందుకే గంగిరెడ్డిది లాంటి బ్యాటే తనూ కొన్నాడు. అడుగున బొజ్జలా ఉబ్బి, ఎత్తితే రోకలంత బరువుంటుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది. ఆనాటి నుంచి క్రీజులోకి ఎంత వేగంగా వెళ్తున్నాడో అంతే వేగంగా తిరిగొస్తున్నాడు. వచ్చే ఆదివారమే జిల్లా జట్టు ఎంపిక ఆట. అది తప్పితే వయసు దాటిపోతుంది, మరి అవకాశం లేదు.

మాస్టారు అతన్ని ఇంటికి పంపి పాత బ్యాటు కూడా తెప్పించి, రెంటినీ పక్కపక్కన పరిచారు. పాతదాని నడుమ అరచేయంత మేర ఎర్రగా పండి ఉంది, అంచులు శుభ్రంగా ఉన్నాయి. కొత్తదానికి మరకలన్నీ అంచుల మీదా, పిడికి దగ్గరా ఉన్నాయి. నడిమి భాగం కొట్లో కొన్నప్పుడెంత తెల్లగా ఉందో ఇప్పుడూ అంతే.

"ఈ కొత్తదానికీ బంతికీ ఇంకా పరిచయం కాలేదప్పా" అన్నారు మాస్టారు.

"పాతదాంతో ఆడితే మళ్లీ జిడ్డంటారు సార్."

"అననీ."

ఆదివారం ఓబులేసు పాత బ్యాటుతో దిగాడు. వదలాల్సిన బంతిని వదిలాడు, ఆపాల్సినదాన్ని ఆపాడు, సందు దొరికితే ఒక పరుగు తీశాడు. గట్టు మీంచి ఎవడో "జిడ్డూ!" అని అరిచాడు. ఓబులేసుకు చెవులు వేడెక్కాయి. ఆ కోపంలో బ్యాటు పైకెత్తాడు కూడా. కానీ వస్తున్న బంతి లోపలికి తిరుగుతోందని కనిపించగానే, తేలికైన ఆ బ్యాటు సమయానికి కిందికి దిగింది. చప్పుడు మెత్తగా వచ్చింది. బౌలర్లు చొక్కాలతో ముఖాలు తుడుచుకోసాగారు. అతను అవుటై వచ్చే సరికి బంతి నునుపు పోయి, గట్టితనం చచ్చి ఉంది. తర్వాత గంగిరెడ్డి దిగి దాన్ని మైదానం నలుమూలలా దంచాడు. జట్టు గెలిచింది. కుర్రాళ్లు గంగిరెడ్డిని భుజాల మీదికెత్తుకున్నారు.

ఓబులేసు ఒక్కడే కూర్చుని ప్యాడ్లు విప్పుకుంటున్నాడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఆట గెలిపించింది గంగిరెడ్డి సార్. నేను ఊరికే నిలబడినాను, అంతే" అన్నాడు ఓబులేసు.

మాస్టారు జేబులోంచి ఆ బంతి తీసి అతని చేతిలో పెట్టారు. గరుకుగా, కుట్లు అణిగిపోయి ఉంది.

"పొద్దున ఇది అద్దం మాదిరి మెరుస్తాండె. దీన్ని ఇంత ముసలిదాన్ని చేసిన పిల్లోడు ఎవరని, జట్టును ఎంపిక చేసేటాయన ఇప్పుడే నన్ను అడిగిపోయినాడు" అన్నారాయన. లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "ఏ బ్యాటని మాత్రం అడగల్యా."