సంతలో దొరికిన చుట్టరికం

మార్తాండరావు అనే భాషాశాస్త్రవేత్త ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో ఉండేవాడు. ఆయనకు చదువెంత ఉందో అహంకారం అంతకు రెండింతలు ఉండేది. ఆసియాలోని భాషలన్నీ తెలుగు కడుపునే పుట్టాయని నిరూపించాలని ఆయన పంతం.

ఒకసారి సవరలనే కొండజాతి వాళ్ళ భాష మీద పరిశోధనకు తన విద్యార్థిని నీలవేణిని వెంటబెట్టుకుని మన్యం వెళ్ళాడు. కొండ కింద వారపు సంతలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. కొండ దిగి వచ్చిన సవరలను ఆపి, సబ్బు చూపించి, "దీన్నేమంటారు?" అన్నాడు. "సబ్బు" అన్నారు వాళ్ళు. తక్కెడ చూపించాడు. "తక్కెడ" అన్నారు. ఆయన పొంగిపోయాడు.

"సార్, ఇవన్నీ మన వ్యాపారులు అమ్మిన సరుకులు. సరుకుతో పాటు పేరూ కొండెక్కింది," అంది నీలవేణి. "అసలు చుట్టరికం తేలాలంటే ఇళ్ళకు వెళ్ళి కన్ను, చెయ్యి, నీళ్ళు, నిప్పులను ఏమంటారో అడగాలి. ఈ భాషకు బంధువులు అటు కంబోడియా, వియత్నాం దాకా ఉన్నారంటున్నారు కదా!"

"కొండలెక్కడానికి నేనేమన్నా మేకనా? పిల్లకాకివి, నాకు పాఠాలు చెప్పకు," అన్నాడు.

పుస్తకం వచ్చింది. సవర వేరే భాష కానే కాదు, తెలుగులో ఒక యాస అని అందులో తీర్మానించాడు. జనం శాలువాలు కప్పారు. అది చదివిన ఒక అధికారి, "తెలుగే అయినప్పుడు సవరలో చెప్పే టీచరెందుకు?" అని కొండ మీది బడిలోంచి టీచరమ్మను తీసేశాడు. కొత్త మాస్టారు చెప్పేది పిల్లలకు ముక్క అర్థం కాలేదు. బెత్తం మాత్రం బాగా అర్థమైంది. ఒక్కొక్కరే బడి మానేశారు.

నీలవేణి మండిపడింది. "తప్పు రాశానని ఒక్క మాట చెప్పండి సార్. టీచరమ్మ తిరిగొస్తుంది."

"చెబితే నా పరువేం కావాలి?"

"మీ పరువు శాలువాల కింద వెచ్చగానే ఉంది. అక్కడ పలక పట్టాల్సిన పిల్లలు జీడితోటల్లో కూలికి పోతున్నారు!"

"బయటికి నడు," అన్నాడాయన.

ఏడాది తిరిగింది. విదేశంలో ఒక మహాసభకు ఆయనను పిలిచారు. సవరల ఇంటి మాటలను వాళ్ళ గొంతులోనే వినిపించమని అక్కడి పండితులు అడిగారు. అప్పుడెక్కాడు కొండ! లక్కాయి అనే ముసలామె ముందు రికార్డరు పెట్టి, "అవ్వా, నిప్పును మీ భాషలో ఏమంటారు?" అన్నాడు.

"మాకు బాస ఏటుంది బాబూ? నేదని నువ్వే రాసినావంట, టీచరమ్మ సెప్పింది. నేని బాసలో మాట ఎక్కడ్నుంచి తెచ్చీది? నా మనవడు బడి మానీసినాడు. ముందు మా టీచరమ్మని తే. అప్పుడడుగు."

ఏ గుమ్మం తొక్కినా అదే జవాబు. మార్తాండరావు వట్టి చేతులతో సభకు వెళ్ళి, తల దించుకుని వచ్చాడు. ఆయన పేరు పోయింది. పోతే పోనీ! ఆ పిల్లలు మాత్రం ఇంకా జీడితోటల్లోనే ఉన్నారు.

నిజం తెలిశాక కూడా పేరు కోసం తన తప్పు దిద్దుకోని పండితుడు, పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కున్నవాడితో సమానం.