రివ్వి తరిమిన పిల్లపిట్ట

అనగనగా మన్యం కొండల మీద, ఒక కాఫీ తోట నడుమ, పెద్ద పనస చెట్టు ఉండేది. చలికాలం రాగానే రివ్వి అనే బుల్లి పిట్ట వచ్చి దాని మీద వాలేది. బొటనవేలంత ఒళ్ళు దానిది. అయినా హిమాలయాలు దాటి వచ్చేది. ఎండలు ముదిరేదాకా ఆకుల కింద పురుగులు ఏరుకుని తిని, ఒళ్ళు చేశాక తన ఊరికి తిరిగి వెళ్ళేది.

అలా నాలుగు చలికాలాలు గడిచేసరికి రివ్వికి ఆ చెట్టు తన సొంతమే అనిపించింది. చుట్టపుచూపుగా వచ్చి పెత్తనం చేయడమంటే ఇదే, పిల్లలూ.

ఆ ఏడు ఒక పిల్లపిట్ట వచ్చింది. రివ్వి జాతిదే. దానికదే మొదటి ప్రయాణం. దారిలో తుఫానుకు చిక్కి, రెక్కలు వేలాడేసుకుని వచ్చింది. కింది కొమ్మ మీద వాలితే రివ్వి ముక్కుతో పొడిచింది. పక్క కొమ్మకు పోతే అక్కడా పొడిచింది. పాపం, రాలిన ఆకుల్లో వెతుక్కుంటుంటే అక్కడికీ దిగి తరిమింది.

"ఈ చెట్టు నాది, పో" అంది.

పిల్లపిట్ట తోట దాటి పోయింది.

ఆ చెట్టు మీదే పుట్టి పెరిగిన పిగిలిపిట్ట అవ్వ ఇదంతా చూసింది. కోప్పడలేదు.

"నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు ఇంతకన్నా అధ్వానంగా ఉన్నావే. ఈ చెట్టు ఎవరిదని నేను నిన్ను అడిగానా?" అంది.

రివ్వి మొదటిసారి వచ్చిన రోజున అవ్వ తాను తినబోయే పురుగును తెచ్చి దాని ముందు పెట్టింది. ఆ సంగతే రివ్వి మరిచిపోయింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. గబగబా ఒక లావుపాటి పురుగును ముక్కున కరుచుకుని పిల్లపిట్టను వెతుకుతూ వెళ్ళింది.

పిల్లపిట్ట ముళ్ళకంచె కింద ముడుచుకుని ఉంది. ఎగిరే ఓపిక లేదు. రివ్విని చూడగానే వణికిపోయింది.

"పోతున్నానక్కా. కొట్టకు" అంది.

రివ్వి పురుగును దాని ముందు పెట్టి, తల పక్కకు తిప్పుకుంది. దాని కళ్ళలోకి చూసే ముఖం ఎక్కడుంది?

పిల్లపిట్ట బతికింది. రివ్వి దాన్ని చెట్టుకు తీసుకొచ్చి, మంచి కొమ్మ దానికే వదిలేసింది. కానీ ఆ చలికాలమంతా పిల్లపిట్ట ఏ పురుగును ముట్టుకోబోయినా, ముందు రివ్వి వైపు భయంగా ఒకసారి చూసేది. తినమని ఎన్నిసార్లు చెప్పినా ఆ చూపు పోలేదు. అది చూసిన ప్రతిసారీ రివ్వి తల దించుకునేది.

నీతి: మనకు చోటిచ్చిన రోజును మరిచిపోయి ఇంకొకరిని తరమకూడదు. తరువాత దగ్గరికి తీసినా, వాళ్ళ భయం అంత తొందరగా పోదు.