నాంచారమ్మ మిషను మీది పువ్వులు

చీరాలలో పాత కుట్టుమిషన్లు బాగుచేసే బాజీ మాస్టారికి ఒక అలవాటుండేది. పని గురించి ఎంతసేపైనా మాట్లాడేవారు గానీ, "ఏది మంచిది?" అని అడిగితే మాత్రం నోరు విప్పేవారు కాదు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి, తన పనిలో తాను పడిపోయేవారు.

ఆయన శిష్యురాలు పేరిందేవి వేటపాలెంలో సొంత కొట్టు పెట్టే ప్రయత్నంలో ఉండగా, నాంచారమ్మ అనే ముసలమ్మ తన తల్లి వాడిన మిషనును రిక్షాలో మాస్టారి కొట్టుకు వేసుకొచ్చింది. నల్లటి ఒళ్ళు, దాని మీద బంగారు రంగు పువ్వులు, తీగలు.

"కుట్టు బాగానే పడతంది తమ్ముడూ. ఈ పువ్వులు పోకుండా పైన ఏదన్నా పూసిపెట్టు. మనవరాలికిస్తన్నా. పెళ్ళికూతుర్లా మెరవాల," అంటూ అల్లుడు పంపిన కారు పాలిష్ డబ్బా కూడా బల్ల మీద పెట్టి వెళ్ళింది.

మాస్టారు మిషనును పేరిందేవి వైపు జరిపారు. పూర్తిగా ఆమె చేతికి వదిలిన మొదటి పని అది. ఆ పువ్వులు ఒకసారి చెరిగితే మళ్ళీ దిద్దగల మనిషి ఆ చుట్టుపక్కల లేడు. అందుకే ఆమె అడగనే అడిగింది.

"మాస్టారూ, ఏ మైనం మంచిది?"

ఆయన తేనెమైనం ఉండ, చెక్క సామానుకు పూసే మైనం తీసి కారు పాలిష్ పక్కన పెట్టారు. నాలుగు తెల్లగుడ్డ ముక్కలు చింపి ఇచ్చారు. అంతే.

పేరిందేవి తెలివైనది. ముందు మిషను నూనెతో పాత జిడ్డంతా వదలగొట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచింది. తరవాత మిషనును వెనక్కి వాల్చి, పాడైనా ఎవరికంటా పడదని, మిషను కింది పలక అడుగున మూడూ వేరువేరుగా రాసి చూసింది. మూడుచోట్లా నలుపు నిగనిగలాడింది. అందులోనూ కారు పాలిష్ రాసినచోట మొహం చూసుకోవచ్చు.

"మూడూ మంచివే మాస్టారూ! కారు పాలిష్ అయితే ఇంకా బాగుంది," అంది.

మాస్టారు సూది ఎక్కిస్తూ తలెత్తలేదు. "అడుగుభాగం ఏనాడన్నా ఎండ చూసిందా, అమ్మాయ్? చెయ్యి తగిలిందా? కష్టమెరగనిదాన్ని అడిగితే ఏదైనా బాగుందనే అంటది."

పేరిందేవి ఆగిపోయింది. పాలిష్ ముంచిన గుడ్డ అప్పటికే చేతిలో ఉంది, పువ్వులు ఎదురుగా ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకుని మిషను చుట్టూ చూసింది. వెనకవైపు, ఏళ్ళ తరబడి కిటికీ ఎండ పడి నలుపు మసకబారినచోట, పువ్వులేమీ లేనిచోట, వేలెడు మేర రుద్దింది. మెరిసింది! ఇంకాస్త రుద్దింది. ఇంకా మెరిసింది. సంతోషంగా గుడ్డ తిరగేసింది.

గుడ్డ నల్లగా ఉంది.

జిడ్డేమో అనుకుందామంటే జిడ్డు ముందే పోయింది. అది మిషను ఒంటిమీది రంగు. పక్కనే ఇంకో ముక్కతో చెక్కమైనం రాస్తే దానికీ కాస్త నలుపంటింది. వేరే ముక్కతో తేనెమైనం రాసి తుడిచింది. మెరుపు అంతంతమాత్రం. గుడ్డ మాత్రం తెల్లగానే వచ్చింది. ఇక పువ్వుల మీదికి ఆ ఉండే తీసుకుంది, పసిపిల్ల ఒళ్ళు తుడిచినంత మెత్తగా.

సాయంత్రం నాంచారమ్మ వచ్చి మిషను చుట్టూ తిరిగింది.

"ఏందే పిల్లా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యమంటే, నీళ్ళు పోసి కూకోబెట్టావు? మా అల్లుడు పంపింది రాయకపోయావా?"

పేరిందేవి మిషను వెనక్కి తిప్పి, తళతళలాడే ఆ వేలెడు మేర చూపించింది. "అదీ మెరుపంటే!" అంది నాంచారమ్మ. అప్పుడు పేరిందేవి నల్లగుడ్డ తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ముసలమ్మ గుడ్డను చూసింది, మిషనును చూసింది. ఒక పువ్వు మీద వేలు ఆనించి, చెక్కు చెదరలేదని నమ్మకం కుదిరాక, కారు పాలిష్ డబ్బా చీరకొంగులో దాచేసింది.

"అల్లుడికి చెప్పమాకండి," అంది మెల్లగా.

రిక్షా వెళ్ళిపోయాక పేరిందేవి కొట్టు సర్దుతూ, "ఇంతకీ ఏ మైనం మంచిదో మీరు చెప్పనేలేదు మాస్టారూ. రేపు వేటపాలెంలో ఇంకో రకం డబ్బా పట్టుకొస్తే నేనెవర్ని అడగను?" అంది.

బాజీ మాస్టారు మిగిలిన తెల్లగుడ్డ ముక్కను మడిచి ఆమె సంచిలో పెట్టారు.

"దీన్నడుగు."