దస్తగిరి సారు గుండె

కాత్యాయని మళ్ళీ కొండ మధ్యలో సైకిలు దిగిపోయింది. కాళ్ళు లాగి కాదు, ఊపిరి అందక కాదు. హ్యాండిల్ మీది మీటరు బీప్‌మన్నందుకు.

అది వైర్‌లెస్ మీటరు. ఛాతీకి కట్టుకున్న పట్టీ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో పంపిస్తుంటే, సైకిలు వేగం పక్కనే ఆ అంకె కనిపిస్తుంది. నూటయాభై దాటితే కూయాలని ఆమే పెట్టుకుంది. హార్సిలీ హిల్స్ రోడ్డు సగం ఎక్కేసరికి అది కూస్తుంది. ఆమె దిగుతుంది. సైకిలు తిప్పుకుని వెనక్కి పోతుంది.

ఆమె తల్లి నలభైతొమ్మిదో ఏట గుండెపోటుతో పోయింది. ఇప్పుడు కాత్యాయనికి నలభైతొమ్మిది. డాక్టరు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి చూసి, "మీ గుండెకేం ఢోకా లేదు, కొండలెక్కండి" అన్నాడు. కానీ ఆమె మదనపల్లెలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెప్తుంది. డాక్టరు మాట కన్నా అంకె మీదే గురి.

ఆ సాయంత్రం దస్తగిరి సారు ఇంటికి వెళ్ళింది. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. రోజూ సైకిలు తొక్కుతాడు. నడివయసు ఆడవాళ్ళు సైకిలు నేర్చుకుంటామని వస్తే నవ్వకుండా నేర్పినవాడు ఊళ్ళో ఆయనొక్కడే. కాత్యాయనికీ ఆయనే గురువు.

"సైకిలు అమ్మేస్తాను సార్."

ఆయన వాకిట్లో కూచుని చైనుకు నూనె పెడుతున్నాడు. తలెత్తలేదు.

"యాడ దిగినావు?"

"వ్యూపాయింట్ మలుపులో."

"పోయినసారి?"

"అక్కడే."

"అయితే ఆడొక బోర్డు పెట్టిస్తాలే. కాత్యాయని స్టాపు."

ఆమె నవ్వలేదు. "మీకు ఎగతాళిగా ఉంది. అది కూసినప్పుడల్లా మా అమ్మ కళ్ళముందుకొస్తుంది సార్. ఏదన్నా దారి చెప్పండి. లేదంటే నిజంగానే అమ్మేస్తాను."

సారు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"చెప్పేదేముంది? ఆదివారం పొద్దున్నే కొండ కిందికి రా. ఆ పట్టీ మర్చిపోవద్దు."

ఆదివారం కొండ కింద ఆయన చెయ్యి చాచాడు.

"పట్టీ ఇట్లియ్యి."

ఇచ్చింది. ఆయన అటు తిరిగి, చొక్కా పైకెత్తి, పట్టీని తన ఛాతీకి బిగించుకున్నాడు. కాత్యాయని మీటరులో ఎనభై ఆరు అని పడింది.

"అది నా గుండె. ఈ పొద్దు దానికి కాపలా నువ్వు. నాకు అరవై ఏడు. అది కూసిందంటే నన్ను దించు."

"మరి నాది సార్?"

"నీది నీకాడే ఉంటాది. యాడికి పోతాది?"

పట్టీ పంపేది చెయ్యి చాచినంత దూరమే అందుతుంది. అంకె కనబడాలంటే ఆమె ఆయన పక్కనే తొక్కాలి. తొక్కింది.

నీలగిరి చెట్లు మొదలైనచోట రోడ్డు నిటారుగా లేచింది. నూట ఇరవై. నూట ముప్పై ఆరు.

"మెల్లిగా సార్."

"ఇంతకన్నా మెల్లిగా పోతే పడిపోతా."

"మాట్లాడకండి. మాట్లాడితే పెరుగుతోంది."

"మా ఇంటామె కూడా ఇదే చెప్తాది."

ఆయన తన జోకుకు తనే నవ్వుకున్నాడు. నూట నలభై ఒకటి.

పై మలుపులోంచి బస్సొకటి హారను కొడుతూ దూసుకొచ్చింది. అంకె నూట నలభై ఏడుకు ఎగిరింది. కాత్యాయని గబుక్కున సైకిలును ఆయనకూ బస్సుకూ మధ్యకు తెచ్చింది. బస్సు పోయింది. అంకె దానంతటదే దిగివచ్చింది.

ఆమెకు ఇంకే ధ్యాసా లేదు. రోడ్డు చదునైతే ఆయన చేత నీళ్ళు తాగించింది. నిటారైతే గేరు మార్చమంది. గుంతలు ముందే చూసి చెప్పింది. ఒక మలుపు వస్తుంటే, అవతల మళ్ళీ బస్సేదన్నా ఉందేమోనని పెడళ్ళ మీద లేచి గట్టిగా తొక్కి తొంగి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

మీటరు వంక చూసింది.

అంకె లేదు. అంకె ఉండాల్సినచోట రెండు గీతలు.

పట్టీ ఎంత దూరం అందుతుందో ఆమెకు తెలుసు. ఆ క్షణాన మాత్రం తెలియలేదు. మెడ తిప్పి గట్టిగా అరిచింది.

"సార్! అంకె పోయింది! ఏమైంది మీకు?"

దస్తగిరి సారు చాలా కింద, హ్యాండిల్ మీదికి వంగి, నిదానంగా వస్తున్నాడు.

"నాకేం కాలే!" ఆయన కూడా అరిచాడు. "నువ్వే నన్ను దాటిపోయినావు!"

ఆయన కన్నా ఇంకా కింద, లోయ అంచున, ఆమెకు వ్యూపాయింట్ మలుపు కనిపించింది. అక్కడ ఆగిన కారొకటి అగ్గిపెట్టెంత ఉంది. ఆ మలుపు ఎప్పుడు దాటిందో ఆమెకు గుర్తు లేదు.

"ఆగమంటారా సార్?"

"ఎందుకు? పో!"

గుండె చెవుల్లో దబదబా కొట్టుకుంటోంది. అది ఎంతో చెప్పేవాళ్ళు లేరు. మీటరులో రెండు గీతలు అట్లాగే ఉన్నాయి. కాత్యాయని గేరు ఒకటి తగ్గించింది, తల వంచింది, తొక్కింది.

కొండపైకి పోతున్న కారులోంచి కుర్రాళ్ళు తలలు బయటపెట్టి, "ఆంటీ, తొక్కు!" అని కేకలేశారు.

ఆంటీ తొక్కింది.

గాలి చల్లబడింది. ఇంకో మలుపు. ఇంకొకటి. ఆ తర్వాత ఎక్కడానికి రోడ్డు మిగల్లేదు.

దస్తగిరి సారు పైకి చేరేసరికి ఆమె టిఫిను హోటలు ముందు నిలబడి ఉంది. ముఖం ఎర్రగా కందిపోయి, జుట్టంతా నుదుటికి అంటుకుని, ఎవరో బహుమతి ఇచ్చినట్టు నవ్వుతోంది. ఆయన బల్ల మీద కూలబడి, ఇద్దరికీ ఇడ్లీలు చెప్పి, చొక్కా లోపల చెయ్యి పెట్టి పట్టీ విప్పాడు.

"ఇంద. చెమట పట్టింది, కడుక్కొని కట్టుకో."

ఆమె అందుకోలేదు.

"కాసేపు మీ దగ్గరే ఉండనీయండి సార్."

"ఎందుకు?"

"కింది దాకా పోయి ఇంకోసారి ఎక్కుతాను."

సారు ఆమె వంక చూశాడు. పట్టీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇడ్లీలు అయిపోతాయమ్మా," హోటలామె లోపల్నుంచి హెచ్చరించింది.

కాత్యాయని అప్పటికే సైకిలు తిప్పింది.

ఆమె రెండోసారి పైకి వచ్చేసరికి ఇడ్లీలు అయిపోయాయి. ఉప్మా తింది.