లోపలి నట్లు

గౌర్నాయుడికి ఒక్కటే దిగులు. ఎన్నేళ్ళుగా మెకానిక్ పని చేస్తున్నా, ఉస్తాద్ చెయ్యి పడకుండా ఒక్క బండీ షెడ్డు దాటదు.

ఆ షెడ్డు బాజీ ఉస్తాద్‌ది, ఘాట్ రోడ్డు మొదట్లో ఉండేది. కొండమీది సంతకి మనుషుల్ని తిప్పే పాత జీపు ఒకటి వచ్చింది. మలుపుల్లో ఒరిగిపోతోంది, చక్రాలు కాస్త ఎడంగా జరపమన్నాడు ఓనరు కొండబాబు. నిజమే మరి, నెత్తిన బరువుతో ఏటవాలు దిగే మనిషైనా కాళ్ళు ఎడం చేసుకునే అడుగేస్తాడు. ఉస్తాద్ ఆ పని గౌర్నాయుడికే వదిలేశాడు.

చక్రం వెనక మందపాటి ఇనప బిళ్ళ పెడతారట. ఆ బిళ్ళని బండికి పట్టి ఉంచేవి లోపలి నట్లు. బిళ్ళకి చక్రాన్ని బిగించేవి పై నట్లు. చక్రం ఎక్కిందంటే లోపలివి ఇక ఎవరికీ కనబడవు. అందుకే కొంతదూరం తోలాక చక్రాలన్నీ మళ్ళీ విప్పి, లోపలివీ బిగించాలి. అది ఆ షెడ్డులో పద్ధతి.

గౌర్నాయుడు బిళ్ళలకి రెండువైపులా ఎర్రరంగు వేశాడు, చూడముచ్చటగా ఉండాలని. స్టీరింగు అటూ ఇటూ చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూశాడు. నిమ్మకాయలు తొక్కించి, మొదటి మలుపుదాకా తోలుకొచ్చాడు. అప్పటికే కొండబాబు తొందరపెడుతున్నాడు, సంత జనం కాచుకుని ఉన్నారని. గౌర్నాయుడు పై నట్లకి పానా వేసి చూశాడు. గట్టిగానే ఉన్నాయి.

అన్నీ చూశావా అని అడిగాడు ఉస్తాద్.

"ఈసారి మీరు పానా ముట్టక్కర్లేదు ఉస్తాద్."

శిష్యుడు మీకు పింఛను ఇచ్చేశాడని కొండబాబు నవ్వాడు.

ఉస్తాద్ చక్రాల వైపు చూడనేలేదు. అప్పుడే కొడుకు గౌర్నాయుడికి అన్నం కేరేజీ పట్టుకొచ్చిన పైడమ్మని పిలిచాడు.

"చెల్లెమ్మా, కొండమీద మీ అక్క ఉందన్నావు కదా. ఎక్కు. నీ కొడుకు చేసిన బండి, మొదటి సీటు నీదే."

పైడమ్మ మురిసిపోయింది. సీటు కొంగుతో తుడుచుకుని కూర్చుంది. కొండబాబు బండి స్టార్ట్ చేశాడు.

గౌర్నాయుడు వెళ్ళి బానెట్ మీద చెయ్యేశాడు.

"అమ్మా, దిగు."

"ఏట్రా, నానెక్కితే బండి వొంగిపోద్దేటి?"

అతను తల్లి మొహం చూడలేకపోయాడు. వంగి జాకీ పెట్టాడు. చక్రం విప్పితే లోపలి నట్టు వేళ్ళతోనే తిరిగింది. నట్టు కింద నలిగిన రంగు పెచ్చులుగా రాలి, ఆ మేర బిగువు వదిలేసింది. కొండబాబు ఇంజను ఆపేశాడు.

ఉస్తాద్ ఒక తీగబ్రష్ తెచ్చి పక్కన పెట్టి, వెళ్ళిపోయాడు.

గౌర్నాయుడు బిళ్ళలన్నీ ఇనుము తేలేదాకా గీకాడు. బిగించాడు, తోలాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ బిగించాడు. కేరేజీలో అన్నం చల్లారిపోయింది. పొద్దు వాలుతుండగా వచ్చి, తల వంచుకుని ఉస్తాద్‌కి పానా అందించాడు.

"మీరొకసారి చూడండి."

ఉస్తాద్ పానా అందుకోలేదు. జీపెక్కి, వెనక చక్రం పైనున్న సీటులో కూర్చున్నాడు.

"రా చెల్లెమ్మా. పోదాం."

పైడమ్మ మళ్ళీ సీటు తుడుచుకుని కూర్చుంది. బండి కదిలింది. ఉస్తాద్ చెయ్యి పడకుండా షెడ్డు దాటిన మొదటి బండి అది. అది మలుపు తిరిగేదాకా గౌర్నాయుడు తల ఎత్తలేదు.