రెండు మీటల చప్పుడు

దస్తగిరికి తన చేతి వేగమంటే మహా గర్వం. బాబా నోట్లోంచి మాట ఊడిపడిందో లేదో, అతని వేళ్ళు దాన్ని కంప్యూటర్ గళ్ళలో పెట్టేసేవి.

కొండ కింది దర్గాలో బాబా నలభై ఏళ్ళుగా ఆకుమందు ఇస్తున్నారు. మందులు రాసిపెట్టుకున్న పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇక మిగిలింది బాబా జ్ఞాపకమే. ఆ బాబాకి ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఊపిరి సరిగా అందడం లేదు. అందుకే శిష్యుడు దస్తగిరిని కూర్చోబెట్టుకుని ఒక్కో మందూ చెప్పి రాయిస్తున్నారు.

"రాసింది నిలవాలంటే ఏం చెయ్యాలి నాయనా?" అని మొదట్లోనే అడిగారు.

"కంట్రోలూ ఎస్సూ, ఈ రెండు మీటలూ కలిపి నొక్కాలి బాబా. అంతే."

"మరి నొక్కవేం?"

"గుర్రం మీద పోతూ అడుగడుగుకీ దిగుతామా బాబా? అంతా అయ్యాక ఒక్కసారే నొక్కుతా."

బాబా నవ్వి ఊరుకున్నారు.

పొద్దుటి నమాజు అయింది మొదలు మధ్యాహ్నం దాకా అరవైమూడు మందులు చెప్పారు. గోడకి ఆనుకుని, గుండె మీద చెయ్యేసుకుని, దగ్గుకీ దగ్గుకీ మధ్య చెప్పారు. అరవైనాలుగోది చెబుతుండగా కరెంటు పోయింది.

తిరిగొచ్చాక చూస్తే, ఆకు, రోగం, మోతాదు అని ముందురోజే పైన రాసి దాచుకున్న వరుస ఒక్కటే ఉంది. కింద అన్నీ ఖాళీ గళ్ళే.

దస్తగిరి అడుగుదాకా వెతికాడు. "బాబా... పోయాయి. అన్నీ పోయాయి."

బాబా కోప్పడలేదు. కుండలో నీళ్ళు ముంచుకుని రెండు గుక్కలు తాగారు.

"గుర్రం పోతే పోయింది, నడుద్దాం. రాయి. నల్లేరు. కాడలు నూరి, విరిగిన ఎముకకి కట్టు."

దస్తగిరి రాశాడు. బాబా తర్వాతది చెప్పలేదు.

"తర్వాత, బాబా?"

ఆయన అతని వేళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. దస్తగిరి తల వంచుకుని రెండు మీటలూ నొక్కాడు.

"ఇప్పుడు నేను పోయినా నల్లేరు ఉంటుంది," అన్నారు బాబా. "రాయి. ఉత్తరేణి."

రాశాడు. నొక్కాడు.

"ఇప్పుడు పోయినా ఉత్తరేణి ఉంటుంది."

మూడోది చెబుతుంటే దగ్గు తెర కమ్ముకొచ్చింది. మాట మధ్యలో తెగిపోయింది. బాబా కళ్ళు మూసుకుని గోడకి జారగిలబడ్డారు.

ఎవరూ చెప్పకుండానే, దస్తగిరి ఆ సగం మాట మీదే రెండు మీటలూ నొక్కాడు.

ఆ చప్పుడు విన్నాక బాబా మెల్లగా ఊపిరి తీసుకున్నారు. మిగతా సగం చెప్పారు.