రేవుపేట కుంచెడు జీతం

ఏటిగట్టు మామిడితోపులో ఎలుగుబంటి గారికి తేనె వ్యాపారం ఉండేది. తేనె మంచిదే గానీ, అమ్మేవాడి మొహం చూస్తే కొనేవాళ్లకు కాళ్లాడేవి కావు. అందుకని ఆయన పైడమ్మ అనే గోరింకను కొలువులో పెట్టుకున్నాడు.

పైడమ్మ పని కొమ్మెక్కి గొంతు చించుకోవడం కాదు. అలా అరిచేవాళ్లు ప్రతి తోపులోనూ ఉంటారు. కుందేలు పిల్లకు దగ్గు పట్టిందని తెలిస్తే ఆ పొద వైపు వెళ్లి, ఎవరితోనో అన్నట్టు, "తేనె నాకించారంట, పాపం ఆ పిల్లకి తెల్లారేసరికి తగ్గిపోయిందంట" అనేది. జింకల ఇంట పెళ్లి కుదిరితే, విందులో తీపి తక్కువైందని నిరుడు ఎవరు ఎవర్ని ఆడిపోసుకున్నారో గుర్తు చేసేది. ఎవరికేం కావాలో ముందే కనిపెట్టి, ఆ ఆలోచన వాళ్లకే వచ్చినట్టు చేయడం ఆమె విద్య. తోపులో ఆ కొలువును పిలుపుల పెద్దరికం అనేవాళ్లు. దానికి వారానికి తవ్వెడు జొన్నలు జీతం.

తవ్వెడులో సగం తినగా సగం తొర్రలో దాచేది పైడమ్మ. పోయిన వానాకాలం ముసురు పట్టి ఎంతకీ వదల్లేదు. పురుగు దొరకలేదు, దాచిన గింజలు మధ్యలోనే అయిపోయాయి, ఆఖరి పిల్ల దక్కలేదు. ఆ మాట ఆమె ఎవరి దగ్గరా ఎత్తదు. కానీ ఆకాశంలో చిన్న మబ్బు కనపడినా తొర్రలోకి తొంగిచూసి గింజల కుప్ప ఎంతుందో చూసుకుంటుంది. ఈ సంవత్సరం పుట్టబోయే పిల్లలన్నీ వానాకాలం దాటాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఎండాకాలంలో ఒక పొద్దున జంబుకయ్య తోపులో దిగాడు. రేవుపేటలో బెల్లం, ఎండుచేపల కొట్టు పెట్టిన నక్క ఆయన. బాడుగకు సరుకు మోసే పుల్లెద్దు వెనకాల, దుమ్ము తగలకుండా దూరంగా నడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మాయ్ పైడమ్మా, నీ మాటకారితనం మా రేవు దాకా వినపడింది. ఇంతకీ ఈ తోపులో ఎంతిస్తున్నారమ్మా?"

"తవ్వెడండి బాబాయ్ గారూ."

"తవ్వెడా!" జంబుకయ్య గుండె మీద కాలు వేసుకున్నాడు. "అయ్యయ్యో, అడిగే దిక్కు లేదనుకున్నారా! రేవుపేటలో ఇదే పనికి కుంచెడు ఇస్తారు తల్లీ. మా కొట్టుకు వచ్చెయ్. వారం వారం కుంచెడు!"

కుంచమంటే ఎనిమిది తవ్వలు. పైడమ్మ మొగుడు సూరిబాబు పక్క కొమ్మ మీంచి జారినంత పని చేశాడు.

"ఇంకా చూత్తావేంటే? ఎనిమిదింతలు!" అన్నాడు చెవిలో.

పైడమ్మకు మాత్రం ఆశపడకుండా ఎలా ఉంటుంది? కుంచెడు గింజలు కళ్ల ముందు కదిలాయి. వాటి పక్కనే నోళ్లు తెరిచిన పిల్లలూ కదిలాయి. అయినా ఊరంతటికీ సరుకు నచ్చజెప్పే గోరింకకు, ఎదుటివాడు నచ్చజెబుతుంటే తెలియకుండా పోదు.

"ఆలోచించుకుని చెబుతానండి" అంది.

"ఆలోచించు, ఆలోచించు. కాకపోతే ఈ కొలువు కోసం బారులు తీరి ఉన్నారమ్మా, అదొక్కటి గుర్తుంచుకో" అని జంబుకయ్య మీసం దువ్వుకున్నాడు.

పైడమ్మ పోయి పుల్లెద్దును అడిగింది. "పెదనాన్నా, నువ్వు ఊళ్లన్నీ తిరుగుతావు గదా. రేవుపేటలో బతుకు ఎలా ఉంటదంటావు?"

పుల్లెద్దు నెమరు ఆపకుండానే అన్నాడు. "నేను బరువు మోత్తానమ్మా. ఎక్కడికెళ్లినా నాకు అదే గడ్డి, అదే బరువు. రేపు రేవుకే పోతన్నాను. వీపు మీద కూచుని వచ్చి, నీ కళ్లతో నువ్వే చూసుకో."

దారిలో మిల్లూరు వచ్చింది. అక్కడ బియ్యం మిల్లు చూరు కింద బుల్లెమ్మ అనే పావురం పిలుపుల పెద్దగా ఉంది. ఒళ్లు చేసి, మెడ ఎక్కడుందో వెతుక్కోవలసినట్టు ఉంది.

"అక్కా, నీకిక్కడ ఎంత?" అంది పైడమ్మ.

"సోలెడే."

సోలెడంటే తవ్వలో సగం. పైడమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "సోలెడుతో ఎలా నెట్టుకొత్తన్నావక్కా?"

"నెట్టుకురావడమేంటే! మిల్లు గుమ్మంలో నూకలు కాళ్లకి అడ్డం పడతాయి. చూరు ఊరికే, నీళ్లు ఊరికే. ఆ సోలెడు ముట్టుకునే పనే లేదు. ఎక్కడ దాచాలో తెలీక చత్తన్నాను."

పైడమ్మ మళ్లీ ఎద్దు వీపెక్కింది. దారి పొడుగునా ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించుకుంది.

రేవుపేట పెద్ద ఊరు. పడవల కేకలు, చేపల వాసన, ఎటు చూసినా తీగలు. జంబుకయ్య కొట్టు ఎదురుగా ఒక తీగ మీద, వీర్రాజు అనే చిలక ఒంటికాలు మీద నిలబడి ఉన్నాడు. నిన్నటిదాకా ఆ కొట్టులో పిలుపుల పెద్ద ఆయనే. ఈకలు రాలి, ముక్కు ఒక్కటే మిగిలినట్టున్నాడు.

"కుంచెడు జీతం నాది" అన్నాడు వీర్రాజు, అడక్కుండానే.

"మరి ఇలా చిక్కిపోయారేంటండి? ఒంటికాలు మీద ఎందుకు నిలబడ్డారు?"

"రెండు కాళ్లు పెడితే అద్దె ఎక్కువ."

పైడమ్మకు నవ్వు రాబోయి ఆగిపోయింది. వీర్రాజు గొంతు తగ్గించాడు. "ఇక్కడ తీగలూ తొర్రలూ అన్నీ కోతివే అమ్మా. కూచున్నందుకు ఒకటి, పడుకున్నందుకు ఒకటి. కుళాయి దగ్గర నీళ్లు తాగాలంటే కుక్కలకివ్వాలి. రాత్రి పిల్లి మన వైపు రాకుండా దానికీ ఇవ్వాలి. మొన్నామధ్య చారెడు మిగిలింది. జలుబు చేసి అదీ ఖర్చయిపోయింది."

"మరి మీ ఊరు వెళ్లిపోవచ్చు గదండి?"

"మిల్లూరు వెళ్లి? కుంచెడు తీసుకున్నవాణ్ణి మళ్లీ సోలెడు పుచ్చుకుంటే మనవాళ్లు నవ్వరూ?" చిలక అటూ ఇటూ చూశాడు. "ఇంకో మాట. కోతి వసూలు చేసిన గింజల్లో సగం సాయంత్రానికి ఎక్కడికి చేరతాయనుకున్నావు? జంబుకయ్య గల్లాలోకే."

పైడమ్మకు అంతా అర్థమైంది. నక్క కుడికాలితో ఇచ్చి ఎడమకాలితో లాక్కుంటున్నాడు. ఇంత మంచి చిలకను అలా చూడడం ఆమెకు కష్టంగా అనిపించింది. కోపం కూడా వచ్చింది. కానీ కోపంతో గింజలు రావు కదా. తిరుగుదారిలో ఎద్దు వీపు మీద మెదలకుండా కూచుని లెక్క తేల్చుకుంది.

మర్నాడు ఏటి ఒడ్డున జంబుకయ్యతో ఒప్పందం. ఆ చుట్టుపక్కల ఒప్పందమంటే తడిమట్టిలో ఇద్దరూ పక్కపక్కన కాలిముద్ర వేయాలి. సాక్షిగా ఎద్దు తన గిట్ట ముద్ర వేస్తాడు. తొలకరి వాన పడి ఆ ముద్రలు చెరిగేదాకా మాట తప్పకూడదు. తప్పినవాడి సరుకు ఆ తర్వాత ఏ ఎద్దూ మోయదు.

"చెప్పమ్మా, కుంచెడు ఖాయం చేద్దామా?" అన్నాడు జంబుకయ్య.

"అంత వద్దండి బాబాయ్ గారూ. మానికెడు చాలు."

మానికంటే కుంచంలో నాలుగో వంతు. సూరిబాబు కొమ్మ మీద కూలబడ్డాడు. జంబుకయ్య నవ్వు కనపడకుండా తోక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కాకపోతే నేను తోపు పిట్టనండి, నాకు అలవాట్లు మారవు. ఇక్కడ ఎలా బతుకుతన్నానో అక్కడా అలాగే ఉండాలి. మా ఇద్దరికీ, పుట్టబోయే పిల్లలకీ వాన తగలని తొర్ర. దాహమేసినప్పుడు నీళ్లు. పిల్లి భయం లేని నిద్ర. అవన్నీ మీరే చూసుకోవాలి. నా మానికెడులో ఒక్క గింజ వాటికి పోకూడదు."

జంబుకయ్య మనసులో గంతులేశాడు. తొర్రా, నీళ్లా, నిద్రా! పిచ్చి పిట్ట, మూడు మానికలు వదిలేసి గాలీ నీళ్లూ అడుగుతోంది! ఆయన కొట్టు కింద బొరియలో పుట్టి, ఆ బొరియలోనే పెరిగినవాడు. అద్దెలో వాటా తినడమే గానీ, రేవుపేటలో అద్దె కట్టడమంటే ఏమిటో పుట్టి బుద్ధెరిగి ఎరగడు.

"అంతేనా తల్లీ!" అని మట్టిలో కాలు లోతుగా దిగేలా నొక్కాడు. పైడమ్మ పక్కనే మూడు వేళ్ల ముద్ర వేసింది. పుల్లెద్దు గిట్ట ఆనించి, "నేను చూశాను" అన్నాడు.

రేవుపేటలో పైడమ్మ పని వంక పెట్టేలా లేదు. పడవ దిగేవాళ్లలో ఎవరికి ఇల్లు గుర్తొస్తుందో కనిపెట్టి బెల్లం మాట ఎత్తేది. బేరం పెరిగింది. వారం తిరిగేసరికి మానికెడు గింజలు ఆమె ముందు పడ్డాయి. ఆ తర్వాత కోతి జంబుకయ్య ముందు నిలబడింది.

"గోరింక తొర్ర అద్దె."

"ఏంటోయ్, నా దగ్గరే అడుగుతున్నావా? వచ్చినదాంట్లో సగం నాదే గదా!"

"వేరేవాళ్ల దగ్గర తెస్తే సగం నీది బావా. నువ్వు కట్టింది నీకే పంచితే ఇంక నాకేం మిగులుద్ది? పైగా పిల్లల్ని పెట్టే తొర్ర, అద్దె ఎక్కువ."

వెనకాలే కుక్కలొచ్చాయి. గోరింక పొద్దున్నా సాయంత్రం స్నానం చేస్తోంది, నీళ్ల ఖర్చు ఇదీ అన్నాయి. పిల్లి వచ్చి కిటికీలో కూచుని ఏమీ అడగలేదు. మీసాలు నాక్కుంటూ తొర్ర వైపు చూసిందంతే. జంబుకయ్యే లేచి ఇచ్చాడు.

నాలుగు వారాలకల్లా నక్క డొక్కలు కనపడసాగాయి. పైడమ్మ మీద వారానికి అయ్యేది కుంచెడు దాటి రెండో కుంచంలో పడింది.

"అమ్మాయ్, నా తల్లీ, ఆ మానికెడు ఒప్పందం నాకొద్దు. కుంచెడు పుచ్చుకో. కాదు, కుంచెడున్నర! నీ ఖర్చులు నువ్వే చూసుకో" అని బతిమాలాడు.

"మట్టిలో ముద్ర ఉంది గదండి బాబాయ్ గారూ. మాట తప్పితే మీ బెల్లం ఎవరు మోత్తారు?"

జంబుకయ్య ఒకసారి ఏటికి కూడా పోయి, నోట్లో నీళ్లు పట్టుకుని ఒడ్డెక్కాడు, వాన పడినట్టు ముద్ర చెరుపుదామని. అక్కడ పుల్లెద్దు ముద్రల పక్కనే పడుకుని నెమరేస్తున్నాడు. "దాహమా జంబుకయ్యా?" అని అడిగాడు. నక్క గుటుక్కున మింగేసి వెనక్కి తిరిగాడు. అప్పట్నుంచి రోజూ కొట్టు ముందు నిలబడి మబ్బుల కోసం చూడడమే ఆయన పని.

మబ్బులు వాటి వేళకే వచ్చాయి. తొలకరి పడి ముద్రలు చెరిగిన రోజున పైడమ్మ, సూరిబాబు, రెక్కలొచ్చిన ముగ్గురు పిల్లలు పుల్లెద్దు వీపెక్కారు. వెనకాల గింజల మూటలు, మూటల మీద వీర్రాజు చిలక, రెండు కాళ్ల మీద. మిల్లూరు రాగానే బుల్లెమ్మ పక్కన చూరు కింద దిగిపోయాడు ఆయన. ఎవరూ నవ్వలేదు. నూకలు తినే హడావుడిలో ఎవరికి తీరిక?

ఆ ఏడూ ముసురు పట్టింది. పోయినసారి కంటే గట్టిగానే పట్టింది. తోపులో పైడమ్మ తొర్ర అంచున కూచుని ముందు చిన్నదాని నోట్లో గింజ పెట్టింది, తర్వాత మిగతా ఇద్దరి నోట్లో. వెనక్కి తిరిగి కుప్ప వైపు చూసింది. తరిగినట్టే లేదు. చాలా కాలానికి ఆమె మబ్బు చూసి భయపడలేదు.

వానలు వెలిశాక జంబుకయ్య కొత్త పిలుపుల పెద్దను వెతుక్కుంటూ మళ్లీ తోపులో దిగాడు. "కుంచెడు! వారం వారం కుంచెడు!" అని కేకేశాడు. చెట్టు మీంచి ఉడుత ఒకటి తల బయటపెట్టి, "తొర్రతో కలిపాండి, తొర్ర కాకుండానాండి?" అని అడిగింది.

జంబుకయ్య తోక ముడిచి వచ్చిన దారినే పోయాడు.

జీతం ఎంతని అడిగే ముందు, ఆ ఊళ్లో బతకడానికి ఎంతవుతుందో అడగాలి.